రాత్రి రెండింటికి కూసే సైరన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల. పోయిన నెల న్యూజెర్సీ నుంచి ఒకావిడ "వాలంటీర్ ఫైర్ స్టేషన్ ఎదురుగా ఇల్లు కొని బుద్ధి తక్కువ పని చేశాం, ఇప్పుడేం చేయాలి?" అని ఒక్క ముక్క రాస్తే, కాస్త వివరంగా రాయమని ఇక్కడే అడిగాను. ఆవిడ రాశారు. ఈలోగా ఆ ముక్క చదివి ఇంకో అయిదుగురు రాశారు, అందులో ఒకబ్బాయి అయితే ఆవిడ మీదా నా మీదా కలిపి విరుచుకుపడ్డాడు. కాబట్టి వీసాలు, పిల్లల బడులు, కారు లోన్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి. ఈసారి మొత్తం సైరనే.

ప్రశ్న: అక్కా, మీరు అడిగినట్టే వివరంగా రాస్తున్నాను. ఒక చిన్న బరోలో (అంటే చిన్న మున్సిపాలిటీలో) పోయిన ఆగస్టులో ఇల్లు కొన్నాం. కొనేముందు మూడుసార్లు వెళ్ళి చూశాం, మూడుసార్లూ ఆదివారం మధ్యాహ్నమే, చీమ చిటుక్కుమంటే వినపడేంత ప్రశాంతంగా ఉంది. గృహప్రవేశం అయిన నాలుగో రాత్రి రెండుంపావుకి సైరన్ మొదలైంది. రోడ్డు అవతల రెండు వందల అడుగుల దూరంలో ఫైర్ స్టేషన్, దాని కప్పు మీద స్తంభానికి పుట్టగొడుగులాంటిది ఒకటి ఉంది, అది ఏ గాలి గొట్టమో అనుకున్నాం. ఇప్పుడు వారానికి నాలుగైదు సార్లు మోగుతుంది, అందులో ఒకటో రెండో అర్ధరాత్రి దాటాకే. మావారికి ఇండియా టీమ్‌తో రాత్రి కాల్స్, ఆయన పడుకునేదే ఒంటిగంటకి. అందరి జేబులోనూ సెల్‌ఫోన్ ఉన్న ఈ రోజుల్లో నలుగురిని పిలవడానికి ఊరంతటినీ లేపడం ఎందుకు? పోలీసులకి ఫోన్ చేస్తే అది ఎమర్జెన్సీ సైరన్, మేమేం చేయలేమన్నారు. పక్కింటి పెద్దాయన అలవాటైపోతుందిలే అని నవ్వాడు. కేసు వేయొచ్చా?
- న్యూజెర్సీ పాఠకురాలు

జవాబు: మీ నాలుగో రాత్రి చదువుతుంటే నాకు నా మొదటి రాత్రి గుర్తొచ్చిందమ్మా. పెన్సిల్వేనియాలో చిన్న ఊరు, అద్దె ఇల్లు, ఈ దేశానికి వచ్చి వారం కాలేదు. సైరన్ మోగగానే యుద్ధమే వచ్చిందో ఏ కర్మాగారమే పేలిందో అనుకుని, పాస్‌పోర్టులున్న సంచి చంకన పెట్టుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. కింద ఇంటి ఓనరమ్మ వరండాలో నిలబడి ఆకాశంలోకి ఒకసారి చూసి, ఎక్కడో ఏదో అంటుకున్నట్టుంది అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నన్ను చూసి పాపం నవ్వలేదు కూడా.

కేసు సంగతికి వస్తాను, ముందు అది ఎందుకు మోగుతుందో తెలిస్తే మీరు ఎవరితో ఏం మాట్లాడాలో తెలుస్తుంది. మీ ఎదురుగా ఉన్న స్టేషన్‌లో రాత్రి పూట మనుషులుండరు. బండ్లుంటాయి, గొట్టాలుంటాయి, మనుషులు మాత్రం మీలాగే వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో పడుకుని ఉంటారు. ప్లంబరు, స్కూలు టీచరు, బ్యాంకులో పనిచేసే ఆయన, వీళ్ళే ఫైర్ డిపార్ట్‌మెంటు. అమెరికాలో ఇది మారుమూల పల్లెల ముచ్చట కాదు. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 2020 లెక్క ప్రకారం దేశంలో ఉన్న దాదాపు పది లక్షల నలభై వేల మంది ఫైర్ ఫైటర్లలో 6,76,900 మంది, అంటే నూటికి 65 మంది, జీతం లేని వాలంటీర్లే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పటి నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అప్పట్లో గంట కొట్టి పిలిచేవాళ్ళు, తర్వాత ఆవిరి ఈలలు, హారన్లు, ఆ తర్వాత కరెంటు సైరన్లు వచ్చాయి. 1852లో బోస్టన్‌లో టెలిగ్రాఫ్ అలారం పెట్టెలు వచ్చాక అయితే ప్రతి వీధి పెట్టెకీ ఒక నంబరు, గంట ఎన్నిసార్లు కొడితే మంట ఏ పెట్టె దగ్గరో లెక్కపెట్టుకుని అటే పరుగెత్తేవాళ్ళు. అంటే ఆ చప్పుడులోనే అడ్రసు ఉండేది. ఇప్పటి సైరన్‌లో అడ్రసు లేదు, "రండి" అన్న ఒక్క మాటే ఉంది.

ఆ మాట చెప్పడానికి ఇప్పుడు పేజర్లున్నాయి. వాలంటీర్ నడుముకి చిన్న రేడియో లాంటిది ఉంటుంది, కౌంటీ డిస్పాచ్ సెంటర్ వాళ్ళు రెండు స్వరాలు వరుసగా పంపగానే అది తెరుచుకుని ఎక్కడ, ఏమిటి అన్నది మాటల్లో వినిపిస్తుంది. దాని మీద ఫోన్ యాప్‌లు కూడా ఉన్నాయి, ఎవరు బయల్దేరారో ఎంతసేపట్లో వస్తారో అందులో కనపడుతుంది. మరి సైరన్ ఎందుకు అని అడిగితే స్టేషన్ వాళ్ళు చెప్పే కారణాలు తీసిపారేసేవి కాదు. పేజర్ బ్యాటరీ అయిపోవచ్చు, బేస్‌మెంట్‌లో సిగ్నల్ అందకపోవచ్చు, లాన్ మూవర్ మీద కూర్చున్నవాడికి వినపడకపోవచ్చు. రెండో దారి ఒకటి ఉండాలి. పైగా సైరన్ మోగితే రోడ్డు మీద ఉన్నవాళ్ళకి కూడా తెలుస్తుంది, ఇంకో రెండు నిమిషాల్లో బండ్లు బయటికొస్తాయని. చదరపు మైలుకి వెయ్యిమంది దాటిన చోట కబురు అందిన తొమ్మిది నిమిషాల్లో పదిహేను మంది అక్కడ ఉండాలని ఆ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్ళే రాసిన 1720 అనే ప్రమాణం చెబుతుంది. నిద్రలోంచి లేచి, ప్యాంటు వేసుకుని, సొంత కారులో స్టేషన్‌కొచ్చి, ఆ బరువు బట్టలు తొడుక్కుని, బండెక్కి మంట దగ్గరికి చేరడానికి తొమ్మిది నిమిషాలు! మనకి కాఫీ కలపడానికే సరిపోతాయి అవి.

ఇంత చెప్పాక కూడా నా ఉద్దేశం చెబుతాను, స్టేషన్ వాళ్ళకి నచ్చకపోయినా సరే. సైరన్ ఉండాలన్న వాదనలో బలముంది, కానీ ప్రతి కాల్‌కీ, రాత్రి రెండింటికీ, అదే నిడివి, అదే గొంతు ఉండాలన్న దాంట్లో సగం అలవాటే. దేశం మొత్తం మీద ఫైర్ డిపార్ట్‌మెంట్లకి వచ్చే కాల్స్‌లో నిజమైన మంటలు నూటికి నాలుగే. మూడింట రెండు వంతులు వైద్యానికి సంబంధించినవి, మిగిలినవి కరెంటు తీగలు, గ్యాస్ వాసన, ఆటోమేటిక్ అలారాలు వగైరా. అపార్ట్‌మెంట్‌లో తాలింపు పొగకి అలారం మోగితే దానికీ అదే సైరన్ లేస్తుంది. (మనవాళ్ళ వంటిళ్ళు ఈ లెక్కలో ఎంత పుణ్యం కట్టుకున్నాయో నేను ఆలోచించదలచుకోలేదు.) అందుకని మీరు "సైరన్ తీసేయండి" అని వెళితే ఊరంతా మీ మీదకొస్తుంది, "రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఇల్లు తగలబడుతున్న కాల్‌కి తప్ప మోగించకండి, మిగతావాటికి పేజర్ చాలు" అని వెళితే మాట్లాడేవాళ్ళు దొరుకుతారు. అలా రాత్రి ఆపేసిన ఊళ్ళు ఉన్నాయి కూడా.

ఇక చట్టం. 1972లో నాయిస్ కంట్రోల్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది, దాన్ని చూసుకోవడానికి పర్యావరణ సంస్థలో ఒక ఆఫీసు ఉండేది. 1980ల మొదట్లో ఆ ఆఫీసుకి నిధులు ఆపేశారు, చట్టం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి చప్పుడు సంగతి రాష్ట్రాలది, ఊళ్ళది. ఊళ్ళ నాయిస్ ఆర్డినెన్సుల్లో ఎమర్జెన్సీ సిగ్నళ్ళకి మినహాయింపు ఉండటం మామూలే, మీకు పోలీసులు చెప్పింది అందుకే. కోర్టుకెళితే, న్యూజెర్సీలో 1972 నాటి టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్, అంటే ప్రభుత్వ సంస్థల మీద వేసే నష్టపరిహారం దావాల చట్టం, ఉంది. ఊరి పాలకులు ఆలోచించి తీసుకున్న విధాన నిర్ణయాలకి, అంటే ఫలానా పరికరం పెట్టాలి, ఫలానా చోట పెట్టాలి లాంటి వాటికి, అది గట్టి రక్షణ ఇస్తుంది. నష్టపరిహారం అడగాలంటే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఒకటి. లాయరు ఫీజు పెట్టి, ఎదురుగా ఉన్నవాళ్ళతో పదేళ్ళు మొహం చెల్లకుండా బతకడం కంటే మున్సిపల్ మీటింగ్‌కి వెళ్ళడం నయం అని నా అభిప్రాయం. నేను లాయర్ని కాను, కావాలంటే ఒక గంట కన్సల్టేషన్ తీసుకోండి.

మీటింగ్‌కి మాత్రం ఊరికే వెళ్ళొద్దు. ముందు రెండు నెలలు ఒక నోటు పుస్తకంలో తేదీ, టైము, ఎన్ని సెకన్లు, ఇంతే రాయండి, తిట్లు రాయకండి. ఆ తర్వాత న్యూజెర్సీలో ఓప్రా అనే పబ్లిక్ రికార్డుల చట్టం కింద బరో క్లర్క్‌కి ఒక ఫారం పెట్టి, పోయిన ఏడాది సైరన్ ఎన్నిసార్లు మోగింది, ఏ ఏ గంటల్లో, ఏ రకం కాల్స్‌కి అన్న రికార్డులు అడగండి. మీ పుస్తకం మీ కష్టం చెబుతుంది, ఆ రికార్డు ఊరి కథ చెబుతుంది, రెండూ పక్కపక్కన పెడితే ఎదుటివాళ్ళు మీది గొంతెమ్మ కోరిక అనలేరు. అసలు బటన్ ఎవరి చేతిలో ఉందో కూడా కనుక్కోండి. కొన్నిచోట్ల కౌన్సిల్, కొన్నిచోట్ల ఫైర్ డిస్ట్రిక్ట్ కమిషనర్లు అని విడిగా ఎన్నికైనవాళ్ళుంటారు, మోగించేది మాత్రం కౌంటీ డిస్పాచ్ కావొచ్చు. తప్పు గుమ్మం ముందు నిలబడి ఆరు నెలలు అరిచినవాళ్ళని నేను చూశాను.

దానికంటే ముందు ఇంకో పని. వాళ్ళకి వారంలో ఒక రాత్రి డ్రిల్ ఉంటుంది, అందరూ స్టేషన్‌లోనే ఉంటారు. ఆ రోజు మీరూ మీవారూ కలిసి ఏదైనా చేసుకుని పట్టుకెళ్ళండి. ఎదురింట్లోకి కొత్తగా వచ్చామని చెప్పి, చీఫ్‌ని పక్కకి పిలిచి, మోగే సమయాన్ని తగ్గించవచ్చా, మోటారు టైమర్ ఎంతకి పెట్టారు, ఇంకో చోట స్తంభం ఉందా అని అడగండి. మూడు నిమిషాలు మోగేదాన్ని ముప్ఫై సెకన్లకి దించడానికి కౌన్సిల్ తీర్మానం అక్కర్లేకపోవచ్చు, ఒక స్క్రూడ్రైవర్ చాలొచ్చు.

ప్రశ్న: మేడమ్, మాకు ఎనిమిది నెలల పాప. మా ఇంటికి నాలుగు వందల అడుగుల్లో ఫైర్ సైరన్ ఉంది. మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంది. వినికిడి దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- లాంగ్ ఐలాండ్ నుంచి ఒక తల్లి

జవాబు: లెక్క చూద్దాం, టెన్షన్ కాస్త తగ్గుతుంది. ఫైర్ స్టేషన్ల మీద ఉండే మోటారు సైరన్లలో పెద్దవి వంద అడుగుల దగ్గర 115 డెసిబెల్స్ దాకా ఇస్తాయి, చిన్నవి 100 చుట్టుపక్కల ఉంటాయి. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే పెద్దదే అనుకున్నా మీ గోడ బయటికి వచ్చేసరికి 103. కిటికీలు మూసిన ఇల్లు ఇంకో 25 వరకు తగ్గిస్తుంది, తెరిచి ఉంటే 15 మాత్రమే. కాబట్టి పాప గదిలో 78 నుంచి 88 మధ్య, చెట్లూ ఇళ్ళూ అడ్డముంటే ఇంకా తక్కువ. పెద్దవాళ్ళ కోసం అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు, 100 అయితే పదిహేను నిమిషాలు. పసిపిల్లల చెవుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఒప్పుకుంటాను, కానీ నిమిషం పాటు గదిలో వినిపించేదానికి వినికిడి పోతుందని భయపడక్కర్లేదు. అనుమానంగా ఉంటే పిల్లల డాక్టర్ని అడిగి ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి, మనసు కుదుటపడుతుంది.

భయపడాల్సింది బయట. అదే 115 డెసిబెల్స్ చోట పెద్దవాళ్ళకే హద్దు అర నిమిషం కూడా లేదు. అందుకని స్ట్రోలర్ తోసుకుంటూ ఆ స్తంభం కింద నుంచి వాకింగ్‌కి వెళ్ళడం మానేయండి, వేరే వీధి చూసుకోండి.

నిద్ర మాట వేరు. పడకగదిలో ఒక్కసారిగా వచ్చే చప్పుడు 45 డెసిబెల్స్ దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది, మీ గదిలో దానికి ఎంతో ఎక్కువ. కిటికీలో ఏసీ బిగించి ఉంటే ముందు దాన్ని చూడండి, అది ఏసీ కాదు, గోడకి కన్నం. పాప తొట్టిని సైరన్ వైపు గోడ నుంచి ఇంటి అవతలి వైపు గదిలోకి మార్చండి, కిటికీ చట్రం చుట్టూ సందులు మూయండి. వైట్ నాయిస్ మెషిన్ పెడితే తొట్టికి కనీసం ఏడడుగుల దూరంలో, తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. సైరన్‌ని మించేలా పెడతామంటే ఆ మెషినే ఇంకో సైరన్ అవుతుంది.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ వినగానే పూజ గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నారు. మేం చెప్పినా నమ్మరు. ఏమిటది?
- పెన్సిల్వేనియా

జవాబు: టెస్ట్. సైరన్ పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి చాలా ఊళ్ళు వారానికోసారి, కొన్ని రోజూ, మధ్యాహ్నం మోగిస్తాయి. గడియారాలు అందరికీ లేని రోజుల్లో అది భోజనాల గంట కూడా.

అన్ని ఊళ్ళలోనూ ఆ రోజువారీ మోత అంత అమాయకమైనది కాదు, ఇదొక్కటి పక్కదారి పట్టి చెబుతాను. నెవాడాలో మిండెన్ అని చిన్న ఊరుంది. అక్కడ సాయంత్రం ఆరింటికి సైరన్ మోగేది, అది వాలంటీర్ ఫైర్ ఫైటర్ల గౌరవార్థమని ఊరివాళ్ళు అంటారు. కానీ స్థానిక వాషో తెగ వాళ్ళకి అది వేరే గుర్తు, ఎందుకంటే మూలవాసులు సాయంత్రం ఆరున్నరకల్లా ఊరు విడిచిపోవాలని 1917లో అక్కడ ఒక ఆర్డినెన్స్ ఉండేది, 1974 దాకా దాన్ని రద్దు చేయలేదు. 2021లో, మళ్ళీ 2023లో ఆ రాష్ట్రం అలాంటి సైరన్ల మీద చట్టాలు చేసింది. ఒకే శబ్దం, ఒకరికి అభిమానం, ఇంకొకరికి అవమానం.

మీ అత్తయ్యగారితో మాత్రం అది పన్నెండు గంటల గంట అని చెప్పండి చాలు. పూజ మానిపించకండి.

ప్రశ్న: ఆ న్యూజెర్సీ ఆవిడ ముక్క చదివి ఒళ్ళు మండింది అక్కా. నేను పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి మా ఊరి వాలంటీర్ ఫైర్ ఫైటర్‌ని, నాలుగేళ్ళుగా. మాకు పైసా రాదు. మొన్న జనవరిలో తెల్లవారుజామున మూడింటికి గొట్టం మీద నీళ్ళు గడ్డకడుతుంటే నిలబడ్డాం. నిద్ర చెడిందని గోల పెట్టే మనవాళ్ళలో ఒక్కరైనా స్టేషన్‌కి వచ్చి మీకేం కావాలని అడిగారా? మీరు కూడా వాళ్ళకే వంత పాడతారా?
- న్యూయార్క్ రాష్ట్రం నుంచి, పేరు వద్దన్నాడు

జవాబు: తమ్ముడూ, నీ కోపం అర్థమైంది, అందులో చాలా భాగం న్యాయమే. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూస్తారు, రోడ్డు చూస్తారు, దిక్కులు చూస్తారు, ఆ ఇల్లు అంటుకుంటే వచ్చేది ఎవరు అన్నది చూడరు. తొంభై పాళ్ళు మనకి ఆ ప్రశ్నే తట్టదు, ఫోన్ చేస్తే ఎవరో వస్తారు అంతే. పైగా దేశంలో మీ సంఖ్య తగ్గుతోంది. 1984లో 8,97,750 మంది ఉన్న వాలంటీర్లు 2020కి 6,76,900కి పడిపోయారు, కాల్స్ మాత్రం పెరుగుతూ పోయాయి. నిన్ను చూస్తే నాకు నిజంగా గర్వంగా ఉంది.

అయితే ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నువ్వు ఆ జనవరి తెల్లవారుజామున లేచింది సైరన్ విని లేచావా, పేజర్ విని లేచావా? సైరన్ విని కొత్తవాడు ఒక్కడైనా మంచం దిగి స్టేషన్‌కి వచ్చాడా? వచ్చేవాళ్ళ నడుముకి పేజర్ ముందే ఉంది, లేనివాళ్ళు దుప్పటి ముసుగు పెట్టుకుంటారు. మనుషుల కొరతకి సైరన్ మందు కాదు. ఇంకా చెప్పాలంటే, రాత్రి రెండింటికి ఎవరింట్లోనో మీట నొక్కుకుపోయిన అలారం కోసం ఊరంతటినీ లేపితే, రేపు మీ డిపార్ట్‌మెంట్ బడ్జెట్ ఓటుకి వచ్చినప్పుడు ఆ నిద్ర చెడినవాళ్ళు కూడా ఓటేస్తారు కదా. సైరన్ గురించి అడిగిన ప్రతివాడూ మీ సేవని అవమానించినట్టు తీసుకోవద్దు. ఆవిడ అడిగింది స్తంభం మీద ఉన్న యంత్రం గురించి, మంచు మీద నిలబడ్డ నీ గురించి కాదు.

నీ ఉత్తరం చివర అడిగావు, నీలాగా చేరాలనుకునే మనవాళ్ళకి ఏం చెప్పాలని. చాలాచోట్ల పౌరసత్వం అక్కర్లేదు, ఊళ్ళో ఉంటున్నట్టు రుజువు, మెడికల్, నేర చరిత్ర తనిఖీ అడుగుతారు, శిక్షణ వాళ్ళే ఇస్తారు. మంట దగ్గరికి వెళ్ళలేనివాళ్ళు లెక్కలు రాయొచ్చు, ఫండ్ రైజింగ్ చేయొచ్చు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ఒక్క జాగ్రత్త. కొన్ని డిపార్ట్‌మెంట్లు కాల్‌కి ఇంత అనో, సర్వీసుని బట్టి రిటైర్‌మెంట్ సొమ్మనో ఏదో ఒకటి ఇస్తాయి, అది తీసుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగాలి. ఇంకోటి, కొత్తగా చేరినవాళ్ళు నీలం లైటు కారుకి పెట్టుకోగానే హీరోలైపోతారు. న్యూయార్క్‌లో ఆ నీలం లైటు దారి ఇమ్మని మర్యాదగా అడగడమే, రెడ్ సిగ్నల్ దాటే హక్కు దానికి లేదు. నీకు తెలుసులే, తెలియనివాళ్ళ కోసం రాశాను.

ప్రశ్న: ఇల్లు కొనేముందు సైరన్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఏజెంటుని అడిగితే "క్వయట్ నెయిబర్‌హుడ్" అంటున్నాడు.

జవాబు: ఏజెంటు అబద్ధం చెబుతున్నాడని కాదు, ఆయన వచ్చినప్పుడు అది మోగి ఉండదు. మ్యాప్‌లో ఫైర్ స్టేషన్ దూరం చూస్తే సరిపోదు, ఎందుకంటే సైరన్ స్టేషన్ మీదే ఉండాలని లేదు. నీళ్ళ ట్యాంకు మీద, మున్సిపల్ బిల్డింగ్ వెనక, స్కూలు పక్కన స్తంభం మీద కూడా ఉంటుంది. వీధులన్నీ ఒకసారి నడిచి తలెత్తి చూడండి. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఇంటి ముందు కారు ఆపి కూర్చోండి. స్టేషన్ నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి రాత్రి మోగిస్తారా అని అడిగితే దాపరికం లేకుండా చెబుతారు. అన్నిటికంటే తేలిక, ఎదురింటి గుమ్మంలో కూర్చున్న ముసలాయన్ని అడగడం.

స్టేషన్ దగ్గరున్న ఇల్లు అనగానే వద్దనుకోకండి. ఐఎస్‌ఓ అనే సంస్థ ప్రతి ఊరి అగ్నిమాపక ఏర్పాట్లకి ఒకటి నుంచి పది దాకా రేటింగ్ ఇస్తుంది, ఒకటి మేలు, పది అధ్వాన్నం. చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని చూస్తాయి, స్టేషన్‌కి మరీ దూరమైన ఇంటికి ప్రీమియం ఎక్కువ పడొచ్చు.

ప్రశ్న: ఆస్ట్రియాలో చదువుకుంటున్నాను. ఇక్కడా మోగుతోంది. ఒక్కోసారి ఒక్కో రకంగా. ఎప్పుడు పరుగెత్తాలి?

జవాబు: అక్కడ శబ్దానికి అర్థాలు రాసిపెట్టి ఉన్నాయి, అమెరికా కంటే నయం. పదిహేను సెకన్ల చొప్పున మూడుసార్లు, మధ్యలో చిన్న విరామంతో వస్తే ఫైర్ వాలంటీర్లని పిలుస్తున్నారు, మీరు పడుకోవచ్చు. శనివారం మధ్యాహ్నం పదిహేను సెకన్లు ఒక్కసారి వస్తే టెస్ట్. మూడు నిమిషాలు ఒకే స్వరంలో ఆగకుండా వస్తే హెచ్చరిక, రేడియో పెట్టి వినండి. ఒక నిమిషం పైకీ కిందకీ ఊగుతూ వస్తే ప్రమాదం దగ్గరికొచ్చిందని, ఇంట్లోకి వెళ్ళి తలుపులు మూసుకోండి. తర్వాత ఒక నిమిషం నిలకడగా వస్తే ప్రమాదం తొలగిందని. ఏటా అక్టోబరు మొదటి శనివారం ఇవన్నీ వరుసగా మోగించి చూపిస్తారు, ఆ రోజు కంగారు పడకండి. ఈ ముక్క చింపి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ప్రశ్న: సైరన్ మోగినప్పుడల్లా మా కుక్క మెడ పైకెత్తి ఊళ పెడుతుంది. అరిష్టమని మా నాయనమ్మ ఫోన్‌లో గొడవ. దానికి చెవులు నొప్పెడుతున్నాయా?

జవాబు: అరిష్టం ఏమీ లేదని నాయనమ్మగారికి చెప్పండి. ఆ పుట్టగొడుగు లోపల ఒక చక్రం తిరుగుతుంది, దానికీ చుట్టూ ఉన్న డబ్బాకీ కిటికీల్లాంటి కంతలుంటాయి, ఆ కంతలు ఒకదానికొకటి ఎదురైనప్పుడల్లా గాలి ఒక దెబ్బ బయటికి కొడుతుంది. చక్రానికి ఎనిమిది కంతలుండి నిమిషానికి 3,450 చుట్లు తిరిగితే సెకనుకి 460 దెబ్బలు, అదే మనకి వినపడే స్వరం. మోటారు నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి స్వరం కింద నుంచి జారుతూ పైకెక్కుతుంది, కరెంటు ఆపగానే అలాగే జారుతూ దిగుతుంది. కుక్కల ఊళ కూడా సరిగ్గా అలాగే ఎక్కి దిగుతుంది కదా, అందుకని ఎక్కడో దూరాన ఇంకో పెద్ద కుక్క పిలుస్తోందనుకుని మీది బదులు పలుకుతోంది. తోక మామూలుగా ఉండి, సైరన్ ఆగగానే తన పని తను చూసుకుంటుంటే నొప్పి కాదు. మంచం కింద దూరి వణుకుతుంటే మాత్రం పశువుల డాక్టర్‌కి చూపించండి. ఈసారి మోగినప్పుడు ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఒకటి పెట్టి రెండింటి స్వరమూ చూడండి, ఎవరు శ్రుతి తప్పారో నాకు రాయండి.